ఇథనాల్ కలిస్తే పెట్రోలు కల్తీ అయినట్టా? మిశ్రమానికీ శుద్ధ పదార్థానికీ మధ్య గీత

సంక్షిప్తంగా: రసాయన శాస్త్రం దృష్టిలో పెట్రోలు ఏనాడూ శుద్ధ పదార్థం కాదు; అది వందలాది హైడ్రోకార్బన్ల (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే పదార్థాల) మిశ్రమం. అందులో కలుపుతున్న ఇథనాలే (చెరకు మొలాసిస్, ధాన్యం వంటివాటిని పులియబెట్టి తీసే ఆల్కహాలే) శుద్ధ పదార్థానికి ఎంతో దగ్గర. మైలేజీ తగ్గడం, ట్యాంకులో నీరు చేరితే ఇంధనం రెండు పొరలుగా విడిపోవడం మిశ్రమాల స్వభావంలో భాగం. కల్తీ అవునా కాదా అన్నది మాత్రం వేరే తూకంతో తేలాల్సిన విషయం.

పెట్రోలు బంకుల్లో ఇ20 అన్న గుర్తు ఇప్పుడు కొత్తేమీ కాదు. నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిపిన ఈ ఇంధనాన్ని 2023 ఫిబ్రవరిలో దేశంలో విడుదల చేశారు. మొదట 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని 2025-26కు ముందుకు జరపడంతో రెండేళ్లు దాటేసరికి అది దాదాపు అన్ని ఊళ్లకూ చేరింది. మైలేజీ పడిపోతోందని, పాత బండ్లు పాడవుతాయని 2025లో పెద్ద చర్చ నడిచింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని కోరిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని ఆ ఏడాది సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

ఆ చర్చ పొడవునా ఒక మాట వినిపించింది: స్వచ్ఛమైన పెట్రోలు. అడిగినవారి ఉద్దేశం అర్థం కానిదేమీ కాదు. చిక్కల్లా ఆ విశేషణంతోనే. బజారులో స్వచ్ఛమైనది అంటే చెప్పకుండా ఏమీ కలపనిది అని అర్థం. స్వచ్ఛమైన నెయ్యి, స్వచ్ఛమైన తేనె అనేది ఈ అర్థంలోనే. రసాయన శాస్త్రంలో శుద్ధ పదార్థం అంటే ఒకే రకం అణువులతోనో, ఒకే మూలకం పరమాణువులతోనో ఉన్నది. ఈ రెండో కొలతతో చూస్తే నెయ్యి మిశ్రమం, తేనె మిశ్రమం, పాలు మిశ్రమం. వంటింట్లో శుద్ధ పదార్థం కోసం వెతికితే చక్కెర డబ్బా దగ్గర ఆగవచ్చు. ఉప్పు డబ్బా దగ్గరా ఆగేవాళ్లమే కానీ, అందులో అయోడిన్ లవణం కలిపి ఉంటుంది.

థర్మామీటరు చెప్పే తేడా

గాజు కుప్పెలో ఇథనాల్ పోసి జాగ్రత్తగా వేడి చేస్తే ఉష్ణోగ్రత పెరుగుతూ పోయి 78 డిగ్రీల సెల్సియస్ దాటగానే ఆగిపోతుంది. మంట ఆగదు, మరగడం ఆగదు, థర్మామీటరులోని పాదరసం మాత్రం కదలదు. చివరి చుక్క ఆవిరయ్యేదాకా అదే అంకె. ఉన్నవన్నీ ఒకే రకం అణువులు కాబట్టి ద్రవాన్ని వదిలి పోవడానికి అన్నింటికీ కావలసిన పరిస్థితి ఒకటే.

అదే కుప్పెలో ఇథనాల్ కలపని పెట్రోలు ఉంటే కథ మారుతుంది. (ఇది ప్రయోగశాలలో తగిన ఏర్పాట్లతో చేసే పని. ఇంట్లో పొయ్యి మీద ఊహించుకోవడం కూడా మంచిది కాదు.) 35, 40 డిగ్రీల దగ్గరే తేలిక అణువులు లేచిపోవడం మొదలవుతుంది. అవి పోయాక మిగిలినవాటికి ఇంకాస్త వేడి కావాలి. పాదరసం ఎక్కడా స్థిరపడకుండా ఎక్కుతూనే ఉంటుంది, 200 డిగ్రీల ప్రాంతానికి చేరాక గానీ కుప్పె ఖాళీ కాదు. నాలుగు కార్బన్ల అణువు నుంచి పన్నెండు కార్బన్ల అణువు దాకా అందులో ఉండటమే దీనికి కారణం. పెట్రోలుకు మరుగు స్థానం అంటూ ఒకటి లేదు, మరిగే పరిధి ఉంది. ప్రమాణాల్లోనూ ఏ ఉష్ణోగ్రతకు ఎంత శాతం ఆవిరి కావాలన్నదే రాస్తారు.

ఈ పరిధి ఉండటం లోపం కాదు, అవసరం. చలికాలం పొద్దున బండి ఒక్క కిక్కుకు స్టార్టు కావాలంటే తేలికగా ఆవిరయ్యే అణువులు కావాలి. మే నెల ఎండలో ట్యాంకులోని ఇంధనమంతా గాలిలో కలిసిపోకుండా ఉండాలంటే బరువైనవీ కావాలి. ఒకే రకం అణువుతో ఈ రెండు పనులూ జరగవు. పెట్రోలును మిశ్రమంగా ఉంచుతున్నది ఇంజిను అవసరమే.

ఏడుకు నాలుగు

మిశ్రమానికీ సమ్మేళనానికీ తేడా చెప్పడానికి బడిలో చూపించే ఇనుప రజను, గంధకం ప్రయోగం ఇప్పటికీ పాతబడలేదు. రెండింటినీ ఏ పాళ్లలోనైనా కలపవచ్చు. ఎంత కలిపినా అయస్కాంతం తెస్తే ఇనుము దానికి అంటుకుంటుంది, గంధకం పసుపు పసుపుగానే ఉంటుంది. అదే పొడిని గట్టిగా వేడి చేస్తే ఎర్రగా రాజుకుని నల్లటి ముద్ద అవుతుంది. దాన్ని దంచి అయస్కాంతం పెట్టినా ఇనుము విడిగా రాదు. 7 గ్రాముల ఇనుముకు 4 గ్రాముల గంధకం సరిపోతుంది. ఎక్కువ వేసినది ఏదైనా పక్కన మిగిలిపోతుంది. పాళ్లు మన చేతిలో ఉంటే మిశ్రమం, పదార్థం చేతిలో ఉంటే సమ్మేళనం.

ఇప్పుడు ఇంత తేలికగా చెబుతున్న ఈ గీతను గీయడానికి 19వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. స్పెయిన్‌లో పనిచేసిన జోసెఫ్ ప్రౌస్ట్ గనిలో దొరికిన రాగి కార్బొనేట్‌నూ, ప్రయోగశాలలో తయారుచేసిన రాగి కార్బొనేట్‌నూ విశ్లేషించి రెండింటిలోనూ మూలకాల పాళ్లు ఒకటేనని చూపాడు. క్లాడ్ బెర్తొలే ఒప్పుకోలేదు. లోహ మిశ్రమాలు, గాజు, ద్రావణాలు చూపించి, పాళ్లు మారుతూనే ఉంటాయి కదా అన్నాడు. ఆయన చూపినవన్నీ మిశ్రమాలని ప్రౌస్ట్ జవాబు. నిజానికి ఆ వాదం జరిగేనాటికి మిశ్రమం, సమ్మేళనం అన్న విభజనే స్థిరపడలేదు. వాళ్ల వాదన వల్లే అది స్థిరపడింది. డాల్టన్ పరమాణు సిద్ధాంతం వచ్చాక తీర్పు ప్రౌస్ట్ వైపు మొగ్గింది.

బెర్తొలే పూర్తిగా ఓడిపోలేదు కూడా. పాళ్లు కొద్దిగా అటూ ఇటూ అయ్యే ఘన సమ్మేళనాలు తరవాత చాలా బయటపడ్డాయి. వాటికి ఆయన పేరే పెట్టారు. తమాషా ఏమిటంటే, బడి పిల్లలకు స్థిరమైన పాళ్లకు ఉదాహరణగా చూపించే ఐరన్ సల్ఫైడ్ కూడా ఆ కోవలోనిదే. దాని స్ఫటికంలో కొన్ని ఇనుప పరమాణువుల స్థానాలు ఖాళీగా ఉండిపోతుంటాయి.

పాలూ నీళ్లూ, నూనే నీళ్లూ

కలిసిపోవడానికి తెలుగులో పాలూ నీళ్లూ ఉపమానం, కలవకపోవడానికి నూనే నీళ్లూ. ఇ20 ట్యాంకులో ఈ రెండు ఉపమానాలూ ఒకేచోట ఎదురెదురుగా నిలబడతాయి.

ఇథనాల్ అణువుకు రెండు కొసలు ఉన్నట్టు ఊహించుకోవచ్చు. ఒక కొసన హైడ్రోకార్బన్ ముక్క ఉంది, దానికి పెట్రోలుతో పొత్తు. రెండో కొసన ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఉంది, దానికి నీటితో బంధుత్వం. అందుకే ఇథనాల్ రెండింటిలోనూ కలుస్తుంది. పెట్రోలు, నీరు మాత్రం ఒకదాన్నొకటి దరి చేరనివ్వవు. మూడూ ఒకేచోట చేరితే మధ్యవర్తి ఎటు మొగ్గుతాడన్నది నీరు ఎంత ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది.

నీరు లేశమాత్రంగా ఉంటే ఇథనాల్ దాన్ని పట్టుకుని పెట్రోలులోనే ఉంచుతుంది. ఈ మేరకు ఇథనాల్ మేలు చేస్తున్నట్టే, ఎందుకంటే మామూలు పెట్రోలులో ఆ కొద్ది నీరూ అడుగున చేరేది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 15 డిగ్రీల దగ్గర దాదాపు అర శాతం నీటిని తనలో దాచుకోగలదు. ఇథనాల్ పెరిగితే ఈ ఓపిక పెరుగుతుంది, చలి పెరిగితే తగ్గుతుంది. హద్దు దాటిన క్షణాన మాత్రం మార్పు ఒక్కసారిగా వస్తుంది. ఇథనాల్ పెట్రోలును వదిలి నీటి పక్షాన చేరి అడుగుకు దిగిపోతుంది. పైన పెట్రోలు, కింద ఇథనాల్, నీరు కలిసిన పొర. అప్పటిదాకా ఎక్కడ చూసినా ఒకేలా ఉన్న సజాతీయ మిశ్రమం కళ్లముందే విజాతీయ మిశ్రమం అవుతుంది. ట్యాంకు నుంచి ఇంజినుకు ఇంధనం సాధారణంగా అడుగునుంచే అందుతుంది కాబట్టి బండి మొరాయిస్తుంది.

సీసాలో ఇ20 పోసి, నీళ్లు కలిపి ఊపి, అడుగున పెరిగిన పొరను చూపించి మోసం బయటపడిందని చెప్పే వీడియోలు తరచూ కనబడతాయి. ఆ పొర పోసిన నీటికంటే ఎక్కువగా ఉండటం నిజమే. అది ఇథనాల్ ఉందనడానికి రుజువు. బోర్డు మీద రాసి ఉన్నదీ అదే. ఈ పరీక్షకు వేరే ఉపయోగం ఉంది. అడుగు పొర ఎంత పెరిగిందో కొలిస్తే ఇథనాల్ శాతం సుమారుగా తెలుస్తుంది. కచ్చితంగా తెలియదు, ఎందుకంటే ఇథనాల్, నీరు కలిసినప్పుడు ఘనపరిమాణం కుంచించుకుంటుంది. 50 మిల్లీలీటర్ల ఇథనాల్‌కు 50 మిల్లీలీటర్ల నీరు చేర్చితే 100 రాదు, మూడు నాలుగు మిల్లీలీటర్లు తగ్గుతుంది. అణువులు ఒకదాని సందుల్లో ఒకటి మరింత దగ్గరగా సర్దుకోవడమే కారణం.

మరుగు స్థానం కూడా మోసం చేసినప్పుడు

ఉష్ణోగ్రత మారకుండా మరిగితే శుద్ధ పదార్థం అన్న సూత్రానికి ఇథనాలే ఒక పెద్ద మినహాయింపు పెట్టింది. చెరకు మొలాసిస్, విరిగిన బియ్యం, మొక్కజొన్న వంటివాటిని పులియబెడితే వచ్చే ద్రవంలో నీరే ఎక్కువ. ఇథనాల్ నీటికన్నా ముందు మరుగుతుంది కాబట్టి అంశిక స్వేదనంతో, అంటే మరిగించి ఆవిరిని దశలవారీగా చల్లార్చి, దాన్ని వేరు చేస్తారు. 80 శాతం, 90 శాతం దాకా ఇబ్బంది లేదు. బరువు లెక్కన 95.6 శాతం దగ్గర ఆ పని ఆగిపోతుంది. అక్కడినుంచి ఎన్నిసార్లు మరిగించినా ఆవిరిలోనూ అవే పాళ్లు, ద్రవంలోనూ అవే పాళ్లు. ఉష్ణోగ్రతా కదలదు. థర్మామీటరును నమ్ముకుంటే అది శుద్ధ పదార్థమే. నిజానికి నాలుగు శాతానికి పైగా నీరున్న మిశ్రమం.

పెట్రోలులో కలపడానికి ఆ నీరు పనికిరాదు. కారణం పైన చూసిన పొరల గొడవే. అందుకే ఇంధనపు ఇథనాల్‌ను 99 శాతానికి మించి శుద్ధి చేస్తారు. వేడితో కాని పనిని ఇక్కడ జల్లెడ చేస్తుంది. జియొలైట్ అనే ఖనిజపు గుళికల్లో సుమారు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల రంధ్రాలు ఉంటాయి (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు). నీటి అణువు వాటిలో దూరి ఇరుక్కుంటుంది, దానికంటే పెద్దదైన ఇథనాల్ అణువు పక్కనుంచి జారిపోతుంది. రంధ్రాలు నిండాక గుళికలను ఆరబెట్టి మళ్లీ వాడతారు. బియ్యంలో నూకలు జల్లించినట్టే, కాకపోతే ఈ జల్లెడ కన్ను అణువు సైజుది.

మైలేజీ లెక్క

మిశ్రమంలో ప్రతి పదార్థమూ తన గుణాన్ని నిలుపుకుంటుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. మైలేజీ విషయంలో ఈ మాట అంకెలతో సహా నిలబడుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికంటే సుమారు మూడో వంతు తక్కువ. అణువులో ఆక్సిజన్ ముందే ఉండటంతో కొంతమేర కాలిపోయిన ఇంధనం లాంటిది అది. ఐదో వంతు ఇంధనంలో మూడో వంతు శక్తి తగ్గితే మొత్తంమీద తగ్గేది ఆరు, ఏడు శాతం మధ్య. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదికలో, ఇ20 కోసం రూపొందించని నాలుగు చక్రాల వాహనాలకు వేసిన అంచనా కూడా 6-7 శాతమే. ద్విచక్ర వాహనాలకు 3-4 శాతం అన్నారు. సగానికి సగం పడిపోయిందంటే మాత్రం తప్పు ఇథనాల్‌లో వెతకడం కంటే బండిలో వెతకడం మేలు.

అన్ని గుణాలూ ఇలా సగటు లెక్కకు లొంగవు. ద్రవం ఎంత తేలికగా ఆవిరవుతుందో చెప్పే ఆవిరి పీడనం ఇందుకు మంచి ఉదాహరణ. ఇథనాల్ ఆవిరి పీడనం పెట్రోలుకంటే బాగా తక్కువ. దాన్ని కలిపితే మిశ్రమానిదీ తగ్గాలి. కానీ పెట్రోలులో 5, 10 శాతం ఇథనాల్ కలపగానే పెరుగుతుంది. విడిగా ఉన్నప్పుడు ఇథనాల్ అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. పెట్రోలు అణువుల మధ్య చెల్లాచెదురైనప్పుడు ఆ పట్టు వదులై తేలికగా ఎగిరిపోతాయి. కాబట్టి పాఠ్యపుస్తకపు వాక్యాన్ని ఇనుము, గంధకం దాకా అక్షరాలా నమ్మవచ్చు, ద్రావణాల దగ్గర కొంచెం జాగ్రత్తగా చదవాలి. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, సీళ్లు ఉబ్బడానికి కారణం కూడా శక్తి లెక్కలో దొరకదు. పెట్రోలు అణువులకు లొంగని రబ్బరులోకి ఇథనాల్ చొరబడగలదు.

శుద్ధత ఎన్నో దశాంశం దాకా

ఏ పదార్థమైనా నూటికి నూరు శుద్ధం అని ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగేది ఎన్నో దశాంశం దాకా శుద్ధమో మాత్రమే. 1890ల తొలినాళ్లలో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ నత్రజని సాంద్రతను కొలుస్తుండగా ఒక పేచీ వచ్చింది. గాలిలోంచి ఆక్సిజన్‌ను తీసేసి రాబట్టిన నత్రజని లీటరు 1.257 గ్రాములు తూగింది. అమ్మోనియా వంటి సమ్మేళనాల నుంచి తీసినది 1.250 గ్రాములే. తేడా అర శాతం. ఇంకెవరైనా అయితే తక్కెడ మీద నెపం వేసి ఊరుకునేవారేమో. రేలీ, విలియం రామ్సే ఆ తేడా వెంట పడితే 1894లో ఆర్గాన్ దొరికింది. అప్పటిదాకా శుద్ధమైన నత్రజని అని లోకం నమ్మినది మిశ్రమం. 1904లో రేలీకి భౌతిక శాస్త్రంలో, రామ్సేకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. విశేషమేమిటంటే, 1785లోనే హెన్రీ కావెండిష్ గాలిలోంచి ఎంత తీసినా లొంగని చిన్న బుడగ ఒకటి మిగులుతోందని, అది 120వ వంతుకు మించదని రాసిపెట్టాడు. నూరేళ్లకు పైగా ఆ బుడగను ఎవరూ పట్టించుకోలేదు.

మరీ పట్టుబడితే స్వేదన జలాన్నీ మిశ్రమం అనవచ్చు. మామూలు హైడ్రోజన్ పరమాణువులు ఆరువేల పైచిలుకు ఉన్నచోట ఒకటి రెట్టింపు బరువుండే డ్యుటీరియం. తెలంగాణలోని మణుగూరు భారజల కర్మాగారం పని దాన్ని పోగుచేయడమే. అలా వచ్చిన భారజలం 100 డిగ్రీల దగ్గర కాకుండా 101.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రసాయన చర్యల లెక్కల్లో ఈ తేడాను సాధారణంగా పక్కన పెడతారు, అణు రియాక్టరు పక్కన పెట్టదు.

మరి కల్తీ అంటే

రసాయనికంగా చూస్తే పెట్రోలుకు ఇథనాల్ కంటే కిరోసిన్ దగ్గరి చుట్టం. రెండూ ముడిచమురు నుంచి ఒకే స్వేదన స్తంభంలో వేర్వేరు ఎత్తుల్లో తీసినవే, రెండూ హైడ్రోకార్బన్లే, ఎంత కలిపినా పొరలు కట్టవు. అయినా కిరోసిన్ కలిపితే నేరం, ఇథనాల్ కలిపితే ప్రభుత్వ విధానం. కల్తీని నిర్ణయించేది అణువుల చుట్టరికం కాదు. ప్రమాణం ఒప్పుకున్నదేనా, కొనేవాడికి చెప్పి కలిపినదేనా అన్నదే అక్కడి ప్రశ్న. ఇథనాల్ లేని పెట్రోలు ఎంచుకునే వీలు ఉండాలన్న డిమాండుకు బలం కూడా అక్కడే ఉంది. అది వినియోగదారుడి హక్కుకు సంబంధించిన వాదన. స్వచ్ఛత పేరుతో దాన్ని వాదించడం వల్ల వాదన బలహీనపడింది.

బంకులో వినియోగదారుడు అడగగలిగే రెండు పరీక్షలూ మిశ్రమ గుణాల మీదే నడుస్తాయి. ఫిల్టరు కాగితం మీద చుక్క వేస్తే పెట్రోలు ఒకటి రెండు నిమిషాల్లో మరక లేకుండా ఎగిరిపోవాలి. కిరోసిన్ మరిగే పరిధి 150 డిగ్రీలకు పైన మొదలవుతుంది కాబట్టి దాని అణువులు కాగితాన్ని అంత త్వరగా వదలవు. రెండోది సాంద్రత పరీక్ష. బంకులో నమోదైన అంకెకూ, సాంద్రత కొలిచే హైడ్రోమీటరు చూపే అంకెకూ ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండకూడదు.

సాంద్రత పరీక్షను ఏమార్చవచ్చు. పాలకేంద్రాల్లో లాక్టోమీటరు అనుభవం ఇదే. నీళ్లు కలిపితే పాల సాంద్రత తగ్గుతుంది, వెన్న తీస్తే పెరుగుతుంది. రెండూ కొలతగా చేస్తే లాక్టోమీటరు సరైన గీత దగ్గరే తేలుతుంది. అందుకే వెన్న శాతాన్ని విడిగా కొలుస్తారు. పెట్రోలులోనూ బరువైన కిరోసిన్‌తోపాటు తేలికైన ద్రావకం ఏదైనా చేర్చితే హైడ్రోమీటరు నోరు మెదపదు. పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందని కవులు చెప్పిన హంస పని అప్పుడు గ్యాస్ క్రొమటోగ్రాఫ్ చేయాలి. సూదితో ఎక్కించిన చుక్క సన్నని పొడవాటి గొట్టంలో ప్రయాణిస్తుంది. తేలిక అణువులు ముందు, బరువైనవి వెనక, రకానికొక సమయంలో బయటికి వస్తాయి. వచ్చినప్పుడల్లా గ్రాఫు మీద ఒక శిఖరం లేస్తుంది. శుద్ధమైన ఇథనాల్‌ను ఎక్కిస్తే ఖాళీ గీత మీద ఒంటరిగా ఒకే శిఖరం. ఇ20 ఎక్కిస్తే దువ్వెన పళ్లలా వందల కొద్దీ చిన్న శిఖరాలు, వాటి మధ్య నిటారుగా ఇథనాల్‌ది. కిరోసిన్ పడితే దువ్వెన ముగియాల్సిన చోట, కుడివైపున, మరికొన్ని పళ్లు మొలుస్తాయి.